ఐమూల కొలిస్తేనే మూలమట్టం: నాలుగు పక్కల ఆకారాల్లో కర్ణాలతో పని ఎలా చెయ్యాలి

ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇంట్లో హాలుకి టైల్స్ వేసిన రోజు నాకు బాగా గుర్తు. రెండడుగుల టైల్స్, గుమ్మం దగ్గర నుంచి వరసలు పెట్టుకుంటూ వస్తున్నాడు టైల్స్ మేస్త్రి, అంతా బాగానే ఉంది, చివర గోడ పక్కన ముక్కల వరస వచ్చేసరికి ఆగిపోయాడు. ముందు మూల దగ్గర నాలుగు అంగుళాల ముక్క పట్టింది, అదే గోడ వెంట ఇరవై అడుగులు వెనక్కి వెళ్తే అంగుళం ముక్క కూడా సరిగ్గా పట్టట్లేదు. "మాస్టారూ, గది మూలమట్టం లేదు, పునాది రోజు ఐమూల కొలవలేదేటి?" అన్నాడు. మూలమట్టం అంటే మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండటం, ఐమూల అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకి ఉండే కొలత, అదే కర్ణం. కొలిచాం. నేనే దగ్గరుండి కొలిపించాను. రెండు ఐమూలలూ సమానంగానే వచ్చాయి, అందుకే ఇంకేం చూడకుండా తవ్వేయమన్నాను.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత రెండు రోజులు కూర్చుని వెతికితే దొరికింది, అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎల్లుండి మా మేనల్లుడి ఇంటికి కాశీనగర్‌లో పునాది గుర్తులకి ముగ్గు పోస్తున్నారు, వాడికి ఫోన్లో చెప్పడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను, రాసి పంపిస్తేనే నయం అనిపించింది. పైగా నేను ట్యూషన్ చెప్పే ఎనిమిదో క్లాసు గుంటలకి ఇదే పాఠం, ఇవే కర్ణాలు, వాళ్ళకీ పనికొస్తుంది.

ముందు మాటలు సరిచేసుకుందాం. చతుర్భుజంలో ఎదురెదురు మూలల్ని కలిపే గీత కర్ణం. ఏ చతుర్భుజానికైనా రెండే ఉంటాయి. ఇంట్లో మనం ఐమూల అంటాం, మేస్త్రీలు మూలకి మూల అంటారు, ఒడియా బడిలో చదివే మన పిల్లలు కూడా కర్ణ అనే చదువుతారు కాబట్టి ఆ మాటతో ఇబ్బంది లేదు. మిగతా పేర్లతోనే తికమక. బడిలో ఆయతచిత్ర అంటే మన దీర్ఘచతురస్రం, బర్గచిత్ర అంటే చతురస్రం, సామాంతరిక చిత్ర అంటే సమాంతర చతుర్భుజం. ట్రాపీజియం మాత్రం అక్కడా ఇక్కడా అదే, రాంబస్ కూడా అంతే. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, జనం మాట్లాడే మాటల్లోనే చదువు చెప్పాలని ఆయన జన్మంతా పోరాడారు, 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. కాబట్టి ఈ ఊళ్ళో కూర్చుని కర్ణాన్ని ఐమూల అని రాయడానికి నాకేం మొహమాటం లేదు, రెండు మాటలూ వాడతాను.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు పక్కలు కొలిస్తే ఆకారం తెలిసిపోయింది అనుకుంటాం, తెలియదు. నాలుగు చీపురు పుల్లలు సమానంగా విరిచి మూలల్లో దారంతో కట్టి చూడండి, ఒక మూల పట్టుకుని నొక్కితే చతురస్రం కాస్తా పక్కకి వాలిపోతుంది, పుల్లలు మాత్రం అవే, పొడవు అంతే. పాత నులక మంచం ఇలాగే ఒక పక్కకి ఒరిగిపోతుంది, పట్టీలు ఏమీ పెరగలేదు తరగలేదు, ఒక ఐమూల సాగింది, రెండోది కుంచించుకుంది. ఇప్పుడు ఐదో పుల్ల ఒకటి మూలకి మూల కట్టండి, ఇంక కదలదు, ఎందుకంటే చతుర్భుజం రెండు త్రిభుజాలైపోయింది, త్రిభుజానికి మూడు పక్కలు తెలిస్తే ఆకారం ఒక్కటే. భాస్కరాచార్యులు 1150లో లీలావతిలో ఈ మాటే చాలా కోపంగా రాశారు, కర్ణమో లంబమో చెప్పకుండా నాలుగు పక్కలే ఇచ్చి వైశాల్యం అడిగేవాడు పిశాచం, దానికి జవాబు చెప్పేవాడు వాడి కంటే పెద్ద పిశాచం అని. ఇది పిల్లలకి చెప్తే నవ్వుతారు గానీ మర్చిపోరు.

సరే, ఇంటి మార్కింగుకి వద్దాం. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు అనుకోండి. ముందుగా ఫోన్లో కాలిక్యులేటర్ తీసి ఐమూల ఎంత రావాలో లెక్క కట్టుకోవాలి, సైటు మీదకి వెళ్ళాక కాదు, ముందురోజే. పొడవుని పొడవుతో, వెడల్పుని వెడల్పుతో గుణించి కూడి వర్గమూలం తియ్యడమే. 900, 1600 కలిపి 2500, వర్గమూలం 50, సరిగ్గా 50 అడుగులు. యజ్ఞవేదికలు కట్టడానికి బౌధాయనుడు శుల్బ సూత్రాల్లో ఇచ్చిన సంగతి ఇదే, కర్ణం మీద చతురస్రం కడితే అది రెండు పక్కల మీద కట్టిన చతురస్రాలు రెండూ కలిపినంత అవుతుంది అని. శుల్బం అంటేనే తాడు, అంటే వాళ్ళదీ తాడు పట్టుకుని చేసిన పనే.

అన్ని ఇళ్ళూ ఇంత చక్కగా కుదరవు. 25కి 40 అయితే ఫోన్ 47.17 చూపిస్తుంది, దీన్ని 47 అడుగుల 17 అంగుళాలు అనో లేకపోతే 47 అడుగుల ఒకటీ ముప్పావు అంగుళాలు అనో చదివేవాళ్ళని చూశాను. చుక్క తర్వాత ఉన్నదాన్ని 12తో గుణిస్తేనే అంగుళాలు వస్తాయి. 0.17ని 12తో గుణిస్తే రెండు అంగుళాలు, కాబట్టి 47 అడుగుల 2 అంగుళాలు. ఇది కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

సైటు మీద రోడ్డు వైపు గీత ముందు. ఎడమ మేకు ఏ, కుడి మేకు బీ, మధ్య 30 అడుగులు, దారం బిగించి కట్టేయాలి. వెనక కుడి మూల సీ, వెనక ఎడమ మూల డీ అనుకోండి. ఇప్పుడు రెండు టేపులు కావాలి, ముగ్గురు మనుషులు కావాలి. ఒకడు ఏ దగ్గర టేపు మొదలు పట్టుకుంటాడు, ఇంకొకడు బీ దగ్గర, మూడోవాడు వెనక నిలబడి ఏ నుంచి వచ్చిన టేపులో 40, బీ నుంచి వచ్చిన టేపులో 50 ఎక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయో అక్కడ మేకు కొడతాడు, అదే డీ. మళ్ళీ బీ నుంచి 40, ఏ నుంచి 50 పట్టుకుంటే సీ. మూలమట్టం చెక్క కూడా అక్కర్లేదు, ఐమూలే చేసిపెడుతుంది ఆ పని. ఇంతా అయ్యాక వెనక సీ నుంచి డీకి కొలవాలి, 30 రావాలి. ఈ నాలుగో పక్క మనం ఎక్కడా పెట్టింది కాదు, దానంతటదే రావాలి కాబట్టి ఇదే మన పరీక్ష. 30 వస్తే అంతా సరే, రాకపోతే మేకు ఏదో తప్పు పడింది.

మా ఇంటికి నేను చేయనిది ఇదే. అప్పుడు మేస్త్రి చేతిలో ఉన్న పాత టేపు మొదలు చిరిగిపోయి ఉంది, అందుకని ఒకటో అడుగు గుర్తు దగ్గర పట్టుకుని కొలుస్తున్నారు, చదివినప్పుడు ఒక అడుగు తీసెయ్యాలి. ముందు వైపు తీసేశారు, వెనక వైపు మర్చిపోయారు. ముందు 30 పడింది, వెనక 29 పడింది, రెండు పక్కలూ 40, ఆ తర్వాత ఐమూలలు సమానం అయ్యేదాకా మేకులు అటూ ఇటూ జరిపారు. సమానం అయ్యాయి కూడా! ఎందుకంటే రెండు పక్కలూ సమానంగా ఉండి ముందు వెడల్పు వెనక ఇరుకు అయిన ట్రాపీజియానికి కూడా కర్ణాలు సమానంగానే ఉంటాయి. కర్ణాలు సమానం అంటే దీర్ఘచతురస్రమే అని నేను బుర్రలో పెట్టుకున్నాను, పాఠం చెప్పేవాణ్ణి అయ్యుండి కూడా. దీర్ఘచతురస్రం అయితే కర్ణాలు సమానం, అది నిజమే. కర్ణాలు సమానమైతే దీర్ఘచతురస్రం అన్నది నిజం కాదు, ఎదురెదురు పక్కలు కూడా సమానం అయితేనే అవుతుంది. ఆ రోజు రెండు ఐమూలలూ ఎంతెంత వచ్చాయో అంకె చూసి ఉంటే చాలు పట్టుకునేవాణ్ణి. 50 రావాలి, మాకు రెండూ 49 అడుగుల ఎనిమిది అంగుళాల పైచిలుకు వచ్చి ఉంటాయి. ఒకదాంతో ఒకటి పోల్చుకున్నాం గానీ రావాల్సిన అంకెతో పోల్చలేదు.

అందుకే మూడు చూడండి, ఎదురు పక్కలు జతజతగా సమానమా, ఐమూలలు రెండూ సమానమా, ఆ ఐమూల ముందు లెక్క కట్టిన అంకేనా. మూడూ చూస్తే పొరపాటు ఎక్కడా దాగదు.

ఒకవేళ మేకులు ముందే వేసేశారు, ఐమూలలు తేడా వచ్చాయి అనుకోండి, మొత్తం పీకేయక్కర్లేదు. పక్కలు నాలుగూ సరిగ్గా ఉండి ఐమూలలే తేడా అంటే అది వాలిన సమాంతర చతుర్భుజం, వెనక గీతని గీతగానే పక్కకి జరిపితే సరిపోతుంది. ఎంత జరపాలి? తేడాని ఐమూలతో గుణించి, జరిపే గీత పొడవుకి రెట్టింపుతో భాగించండి. ఏ నుంచి సీకి 50 అడుగుల 4 అంగుళాలు, బీ నుంచి డీకి 49 అడుగుల 8 అంగుళాలు వచ్చిందనుకుందాం, తేడా 8 అంగుళాలు. 8ని 50తో గుణిస్తే 400, వెనక గీత 30 కాబట్టి 60తో భాగిస్తే ఆరున్నర అంగుళాల మీద ఇంకొంచెం. ఎటు జరపాలంటే, పెద్ద ఐమూల సీ మూలకి వెళ్ళింది కాబట్టి సీ కుడికి ఎక్కువ పోయిందని అర్థం, సీ, డీ రెండు మేకుల్నీ ఎడమకి జరపాలి, రెండూ ఒకే కొలత. ఇంత జరిపినా పక్కల పొడవులో తేడా నూలు వాసి కూడా కనపడదు. చాలామంది మొత్తం ఎనిమిది అంగుళాలూ ఒక్క సీ మేకునే లాగేస్తారు, దాంతో పక్కల కొలత చెడిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

టేపు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే లెక్క ఎప్పుడూ తప్పదు, టేపే తప్పుతుంది. 50 అడుగుల ఐమూలకి 50 అడుగుల టేపు పట్టుకెళ్తే చివర పట్టుకోడానికి ఏం మిగలదు, వంద అడుగులది తీసుకెళ్ళండి. బట్ట టేపు, ప్లాస్టిక్ టేపు లాగితే సాగుతాయి, మధ్యలో వదులుగా ఉంటే కిందకి వేలాడి ఎక్కువ చూపిస్తాయి, కాబట్టి రెండు ఐమూలలూ ఒకే టేపుతో, ఒకే మనుషులతో, ఒకే బిగువుతో కొలవాలి. ఇంకోటి, మా వైపు నేల ఎక్కడా చదునుగా ఉండదు, కొండ వాలు ఎంతో కొంత ఉంటుంది. నేల వెంట టేపు పరిస్తే వాలు పొడవు వస్తుంది. 50 అడుగుల్లో రెండడుగుల పల్లం ఉంటే అరంగుళం దాకా ఎక్కువ చూపిస్తుంది. పల్లం వైపు మేకు మీద తూకం గుండు వేలాడదీసి, టేపుని రసమట్టానికి సరిగ్గా అడ్డంగా పట్టుకుని కొలవండి. మేకు తలమీద చిన్న సీల కొట్టి ఆ సీల నుంచి సీలకే కొలవాలి, మేకు రెండు అంగుళాల మందం ఉంటే దాని ఏ అంచు పట్టుకున్నాం అన్నదాంతోనే మీ తేడా అంతా వచ్చేస్తుంది.

ఇప్పుడు పిల్లల సంగతి. పుస్తకంలో పట్టీ వేసి ఇస్తారు, ఏ ఆకారానికి ఏ ధర్మం అని, గుంటలు దాన్ని బట్టీ కొట్టి పరీక్షలో కలిపేస్తారు. నేను పట్టీ ఇవ్వను. రెండు పుల్లలు ఇస్తాను. నాలుగు పక్కలతో మొదలెట్టకండి, ఐమూలల్లోంచే ఆకారం తయారుచేయండి అంటాను. రెండు పుల్లలు వేరే వేరే పొడవువి తీసుకుని రెండింటి నడిమధ్య గుండుసూది గుచ్చి ఒకదాని మీద ఒకటి వేస్తే, కొసలు నాలుగూ దారంతో కలిపితే సమాంతర చతుర్భుజం వస్తుంది, ఎలా తిప్పినా అదే వస్తుంది, ఎందుకంటే దాని కర్ణాలు ఒకదాన్నొకటి సగం చేసుకుంటాయి, అదొక్కటే దాని గుణం. అవే పుల్లల్ని ప్లస్ గుర్తులాగా నిటారుగా తిప్పండి, దారం నాలుగు పక్కలూ సమానం అయిపోతాయి, అది రాంబస్. ఇప్పుడు పుల్లలు సమానమైనవి తీసుకోండి, మధ్యలోనే గుచ్చండి, వాలుగా ఉంటే దీర్ఘచతురస్రం, ప్లస్ లాగా తిప్పితే చతురస్రం. అంతే, నాలుగు ఆకారాలు రెండు ప్రశ్నల్లోంచి వచ్చేశాయి, పుల్లలు సమానమా కాదా, నిటారుగా కోసుకున్నాయా లేదా. మా దగ్గర చదివే ఒక పాప దీర్ఘచతురస్రంలో పుల్లల్ని మెల్లగా తిప్పుకుంటూ "సార్, ఇది ఎప్పుడు బర్గచిత్ర అవుతుంది" అని అడిగి తనే ప్లస్ దగ్గర ఆపింది, దారం నాలుగు వైపులా సమానంగా బిగిసింది. ఆ పాపకి ఇంక ఆ పట్టీతో పని లేదు.

గుండుసూది ఒక పుల్లకే మధ్యలో గుచ్చి రెండోదానికి పైకి గుచ్చితే, ప్లస్ లాగే ఉంచితే, గాలిపటం. సంక్రాంతికి పిల్లలు కట్టేది కూడా ఇదే కదా, నిలువు పుల్లకి పైభాగంలో అడ్డపుల్ల. నిలువు పుల్ల అడ్డపుల్లని సగం చేస్తుంది, అడ్డపుల్ల నిలువు పుల్లని సగం చేయదు. కర్ణాలు నిటారుగా కోసుకునే ఆకారం ఏదైనా సరే, గాలిపటమో రాంబసో చతురస్రమో, వైశాల్యం రెండు కర్ణాల గుణకారంలో సగం. కాగితం ఎంత కావాలో దీంతోనే చూసుకోవచ్చు. 6, 8 అంగుళాల పుల్లలతో రాంబస్ చేస్తే వైశాల్యం 24, పక్క 5.

ట్రాపీజియం ఈ పుల్లలాటలో కొంచెం మొండిది. కర్ణాలు సగం చేసుకోవు, కానీ రెండూ ఒకే నిష్పత్తిలో తెగుతాయి, సమాంతరంగా ఉన్న పక్కలు 2కి 3 అయితే కర్ణాలు కూడా 2కి 3గా తెగుతాయి. కర్ణాలు రెండూ గీశాక ఎడమ పక్కనా కుడి పక్కనా వచ్చే రెండు త్రిభుజాలు ఎంత వేరుగా కనిపించినా వైశాల్యం మాత్రం సమానం. ఎందుకో పిల్లల్నే కనుక్కోమనండి, అడుగు మీద నిలబడిన రెండు పెద్ద త్రిభుజాల ఎత్తు ఒకటే కాబట్టి వైశాల్యం ఒకటే, రెండింట్లోంచీ ఉమ్మడి ముక్క తీసేస్తే మిగిలేది సమానమే.

ఇంకొకటి నాకు చాలా ఇష్టం. ఏదో ఒక వంకర చతుర్భుజం కాగితం మీద గీయమనండి, ఎంత వంకరగా ఉంటే అంత మంచిది, నాలుగు పక్కల మధ్య బిందువులు వరసగా కలపమనండి. ప్రతిసారీ సమాంతర చతుర్భుజమే వస్తుంది. వారిన్యోన్ అనే ఫ్రెంచి లెక్కల ఆయన పేరు మీద ఇది 1731లో, ఆయన పోయాక అచ్చయింది. లోపలి ఆకారం పక్కలు బయటి కర్ణాల్లో సగం సగం ఉంటాయి, వాటికి సమాంతరంగానే ఉంటాయి, కాబట్టి బయట కర్ణాలు సమానమైతే లోపల రాంబస్, నిటారుగా కోసుకుంటే లోపల దీర్ఘచతురస్రం. వైశాల్యం ఎప్పుడూ బయటిదాంట్లో సగం. మా గుంటలు ఒకరోజు ముగ్గుపిండితో వాకిట్లో పెద్దగా వేసి చూశారు, టేపు పెట్టి కొలిచి మరీ నమ్మారు.

స్థలం కొనేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. మా దగ్గర డిసిమిల్ అంటారు, ఆంధ్రా వైపు పాతపట్నంలో సెంటు అంటారు, రెండూ ఎకరంలో వందో వంతే, 435.6 చదరపు అడుగులు. స్థలం నలుచదరంగా లేకపోతే బేరం దగ్గర ఎక్కువమంది చేసే లెక్క ఏటంటే ఎదురెదురు పక్కలు కూడి సగం చేసి, రెండు సగటులూ గుణించేయడం. ఈ లెక్క నిజమైన వైశాల్యం కంటే ఎప్పుడూ తక్కువ రాదు, దీర్ఘచతురస్రానికి ఒక్కదానికే సరిగ్గా వస్తుంది, మిగతా అన్నిటికీ ఎక్కువే చూపిస్తుంది. అంటే కొనేవాడు లేని నేలకి డబ్బులు కడతాడు. ఒకటి కొలిచి చూద్దాం. పక్కలు 40, 60, 40, 60. సగటు లెక్కలో 2400 చదరపు అడుగులు. కానీ ఐమూల కొలిస్తే ఒకటి 80 వచ్చింది, రెండోది 63 అడుగుల 3 అంగుళాలు. దీర్ఘచతురస్రం అయితే రెండూ 72 అడుగుల పైన కొంచెం ఉండాలి. 40, 60, 80 పక్కలుగా త్రిభుజం అనుకోండి, మూడూ కూడి సగం చేస్తే 90, అందులోంచి ఒక్కో పక్క తీసేస్తే 50, 30, 10. 90, 50, 30, 10 నాలుగూ గుణించి వర్గమూలం తీస్తే 1162 దాకా వస్తుంది. అలాంటివి రెండు త్రిభుజాలు, మొత్తం 2324. పోయింది 76 చదరపు అడుగులు, ఒక చిన్న బాత్రూం, దాని పక్కన వాష్ ఏరియా అంత జాగా. పక్కలు నాలుగూ కాగితం మీద ఉన్నట్టే ఉన్నాయి, ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఐమూల ఎవరూ అడగలేదు, అంతే.

నాలుగు పక్కలూ నాలుగు రకాలుగా ఉన్న స్థలానికి కూడా ఇదే దారి, ఒక ఐమూల కొలిచి రెండు త్రిభుజాలు చేసి విడివిడిగా లెక్క కట్టి కూడడం. రెండో ఐమూల కూడా కొలిచి దాంతో ఇంకోసారి లెక్క కట్టండి, రెండు లెక్కలూ దగ్గరగా వస్తే కొలతలు సరే. ఒక మూల లోపలికి నొక్కుకుని ఉన్న స్థలం అయితే జాగ్రత్త, దాని ఐమూలల్లో ఒకటి స్థలం బయట పడుతుంది, పక్కవాళ్ళ నేల మీంచి వెళ్తుంది. అలాంటప్పుడు లోపల పడే ఐమూల మాత్రమే తీసుకోవాలి, రైలు లైను వంపుల పక్కన, గెడ్డల (చిన్న ఏరుల) ఒడ్డున ఇలాంటివి చాలా ఉంటాయి.

అన్నదమ్ముల పంపకానికి కూడా ఒక మాట. స్థలం దీర్ఘచతురస్రమో సమాంతర చతుర్భుజమో అయితే రెండు ఐమూలలు కలిసిన చోట మేకు కొట్టండి, ఆ మేకు మీంచి ఎటు దారం లాగినా స్థలం సరిగ్గా సగం సగం అవుతుంది. బావి ఒకరికి, కొబ్బరిచెట్టు ఒకరికి రావాలంటే దారం తిప్పుకుంటూ సర్దుకోవచ్చు, ఎవరికీ అంగుళం తగ్గదు. ట్రాపీజియానికి మాత్రం ఇది పనిచేయదు, అక్కడ ఐమూల గీసినా సగం కాదు, పెద్ద పక్క ఉన్నవాడికే ఎక్కువ పోతుంది.

ఇంక గేట్లు, తలుపులు. వెదురుతోనో చెక్కతోనో గేటు కట్టినప్పుడు నాలుగు పక్కలే పెడితే నెల తిరక్కుండా తాళం వైపు మూల కిందకి వాలుతుంది, చీపురు పుల్లల సంగతే ఇది కూడా. ఐమూల బద్ద ఒకటి వెయ్యాలి, కానీ ఏ మూల నుంచి ఏ మూలకి అన్నది ముఖ్యం. చెక్క బద్ద అయితే కింద బందు ఉన్న మూల నుంచి పైన తాళం మూలకి, బరువు బద్ద మీద నొక్కుకుని కింద బందులోకి దిగిపోతుంది. ఇనప తీగ అయితే తిరగెయ్యాలి, పై బందు మూల నుంచి కింద తాళం మూలకి, ఎందుకంటే తీగ లాగగలదు గానీ నొక్కితే ముడుచుకుపోతుంది. బిగించే ముందు రెండు ఐమూలలూ కొలిచి సమానం చేశాకే బిగించండి, తలుపు ఫ్రేము గోడలో నిలబెట్టేటప్పుడూ ఇంతే, సిమెంటు ఆరాక ఎవరూ ఏం చేయలేరు.

మా హాలుకి ఏం చేశామంటే, ముక్కల వరస మొత్తం సోఫా వెనక పడేలా టైల్స్ తిప్పి మళ్ళీ మొదలుపెట్టించాను, మేస్త్రికి ఒకరోజు కూలి ఎక్కువ ఇచ్చాను. మా మేనల్లుడిది 27కి 36, ఐమూల 45 రావాలి, చుక్కల గొడవ కూడా లేదు. రెండు కొత్త టేపులు కొనిపించాను. ఎల్లుండి పొద్దున్నే ఎండ ఎక్కకముందే కొలవాలి, టేపు మొదలు ఏ మేకు దగ్గర నేనే పట్టుకుంటానని చెప్పాను, అంకె పైకి గట్టిగా చదవాల్సింది వాడు, రాయాల్సింది వాళ్ళావిడ.